మిల్లు ఆగాక వినిపించిన చప్పుడు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా పక్కింటి ముసలమ్మతో నీళ్ల మోటారు గురించి గొడవ పెట్టుకున్నాను. తీరా చూస్తే ఆ మోటారు కాలిపోయి అప్పటికే మూడు రోజులైంది.

ముందురోజు వాన పడి వాతావరణం చల్లబడింది. రెండు నెలలుగా ఆగకుండా తిరిగిన కూలర్‌ను ఆ రోజే బంద్ చేశాం. మిల్లుకు కూడా సెలవు. అన్నం తిని ముందుగదిలో చాప మీద ఒరిగాను. కన్ను మూతపడబోతుండగా సన్నటి చప్పుడు ఒకటి మొదలైంది. మొదలైంది అనడం కూడా సరి కాదేమో. అప్పటికే ఉన్నదాన్ని నేను అప్పుడు విన్నాను. ఎక్కడో దూరంగా ఇనుప తీగను ఎవరో తెగకుండా గీస్తున్నట్టుంది.

ఫ్రిజ్ అనుకున్నాను. లేచి ప్లగ్గు పీకాను. చప్పుడు ఆగలేదు. ఇన్వర్టర్ అనుకుని దాన్ని ఆపాను. టీవీ కింద ఎర్రలైటుతో ఉండే డబ్బాను ఆపాను. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న నా భార్య బయటికి వచ్చింది.

"ఏందయ్యా, అన్నీ బంద్ చేస్తున్నవ్?"

"గా చప్పుడు ఏంది?"

"ఏ చప్పుడు?"

"కుయ్యిమని వస్తలేదా? నీకు ఇనబడ్తలేదా?"

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని తల పక్కకు వంచి విన్నది. "నల్లా కాడ చుక్కలు పడ్తున్నయి. గంతే" అన్నది.

నేను మెయిన్ తీసేశాను. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోయాయి. లోపలి గదిలోంచి నా కూతురు "నాయినా, నా ఫోన్ చార్జింగ్‌ల ఉన్నది" అని అరిచింది. ఊళ్లోనే ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తుంది. ఆదివారం ఒక్కరోజే ఆమెకు తీరిక. మెయిన్ తీసినా చప్పుడు ఆగకపోయేసరికి, ఇక ఇది పక్కింటిదేనని గోడ చుట్టూ తిరిగి వెళ్లాను.

"అవ్వా, జర మోటర్ బంద్ చేయరాదు. ఎంతసేపు నడిపిస్తరు?"

"మోటరెక్కడిది బిడ్డా? కాలి మూడు దినాలాయె. పొద్దుగాల మీ ఇంట్లకెల్లే గదా బిందెలు మోస్కపోయిన."

"మరి గీ చప్పుడు ఏంది? మీ ఎనకకెల్లే వస్తున్నది."

ఆమెకు నా మీద కోపం వచ్చినట్టు లేదు. నా కోసమే కొంచెంసేపు చెవి పెట్టి విన్నది. ఏం లేదు బిడ్డా అన్నది. నేను నమ్మలేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆమెను దాటుకుని పెరట్లోకి వెళ్లి చూశాను. మోటారు ఉండాల్సిన చోట రెండు వైర్లు గాలికి వేలాడుతున్నాయి.

తిరిగి వస్తూ గోడ మలుపు దగ్గర ఆగి రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాను. బయటి చప్పుడైతే తగ్గాలి. ఇది పెరిగింది. చేతులు తీశాను, మళ్లీ మూశాను. ఒకటికి నాలుగుసార్లు చేశాను. ఎదురింటి గుమ్మంలో నిలబడిన పిల్లలు నన్నే చూస్తున్నారు.

నా పని గురించి చెబితే గానీ ఆ రోజు నాకు పట్టిన గాబరా అర్థం కాదు. ఇరవై రెండేళ్లుగా నేను బాన్సువాడలో ఒక రైస్ మిల్లులో ఆపరేటర్ని. అందరూ మిస్త్రీ అంటారు. నిజాంసాగర్ కాలువల కింద పండిన వడ్లు మా మిల్లుకు వస్తాయి. వడ్లను పైకి ఎత్తే ఎలివేటర్, పొట్టు తీసే షెల్లర్, బియ్యాన్ని తెల్లగా చేసే పాలిషర్, అన్నీ ఒకే షెడ్డులో ఒకేసారి తిరుగుతుంటాయి. లోపలికి వచ్చిన కొత్తవాడికి అది పెద్ద హోరు. నాకు మాత్రం అందులో ఏ గొంతు ఏ యంత్రానిదో తెలుసు. షెల్లర్ రబ్బరు అరిగితే హోరులో కొంచెం గరుకుదనం వస్తుంది. బెల్టు వదులైతే దరువు తప్పుతుంది. బేరింగ్‌లో గ్రీజు ఎండిపోతే సన్నగా కూస్తుంది. నాకు పని నేర్పిన పెద్ద మిస్త్రీ కళ్లు మూసుకోమని చెప్పి ఒక్కో యంత్రం ముందు నిలబెట్టేవాడు. మా మిల్లు యజమానిని మేం సేటు అంటాం. బయటివాళ్లు ఎవరైనా వస్తే ఆయన నన్ను చూపించి, "మా మిస్త్రీ చెవులే మా మీటర్లు" అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ తల కొంచెం పైకి లేచేది నాకు.

ఆ హోరే నా చెవులను లోపల్లోపల తినేస్తోందని అన్నేళ్లలో ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

ఇంట్లో వాళ్లకు విషయం చెప్పాను, మిల్లులో చెప్పలేదు. సంగతి తెలిసి వచ్చిన మా అత్త ఎల్లిగడ్డ రెబ్బలు వేసి కాచిన నూనె రెండు చెవుల్లో పోసింది. రెండు రోజులు నూనె చెవుల్లో గుడగుడమంది, దాని వెనుక ఆ కూత అలాగే ఉంది. మిల్లులో ఉన్నంతసేపు అది వినపడదు. షెడ్డులోంచి బయటికి వస్తే చాలు, గేటు దగ్గరే కాచుకున్నట్టు వచ్చేస్తుంది. దాంతో పనిలో ఉన్నప్పుడే నేను బాగున్నానన్న తిక్క నమ్మకం పెరిగింది. ఓవర్‌టైమ్ ఉందా అని అడిగి మరీ చేశాను.

ఒకరోజు షెడ్డులోనే వినిపించింది. పాలిషర్ పక్కన నిలబడి ఉన్నాను. హోరులోంచి సన్నగా కూత. బేరింగ్ అనుకుని వెంటనే చెయ్యెత్తి మిల్లు ఆపించాను. లారీలు గేటు బయట వరసగా ఉన్నాయి. అన్ని బేరింగులూ విప్పి చూశాం. చెయ్యి పెడితే గోరువెచ్చగా, హాయిగా ఉన్నాయి. ఏ ఒక్కదానిలోనూ లోపం లేదు. సేటు లారీల వైపు చూశాడు. "చూస్కో మిస్త్రీ" అని మాత్రం అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఆయన నాతో అనడం అదే మొదటిసారి.

అది జరిగిన పది పన్నెండు రోజులకు అసలుది జరిగింది.

పొద్దున షిఫ్టు మొదలైనప్పటి నుంచీ అదే సన్నటి కూత వినిపిస్తోంది. ఈసారి మోసపోకూడదనుకున్నాను. ఇది నా చెవిదే, మిల్లుది కాదు అని నాకు నేను గట్టిగా చెప్పుకుని పని చేసుకుంటూ పోయాను. మధ్యలో ఒకసారి అనుమానం వచ్చి ఎలివేటర్ దగ్గరికి నడిచాను కూడా. అక్కడ కొంచెం పెద్దగా ఉన్నట్టుంది. దూరం వెళ్తే తగ్గినట్టుంది. తగ్గిందా, తగ్గిందని నేను అనుకుంటున్నానా? ఎంత ఆలోచించినా తేలలేదు. తేలనప్పుడు ఆపాలి. నేను ఆపలేదు. మళ్లీ విప్పి చూసి ఏమీ లేకపోతే సేటు ముఖం ఎలా ఉంటుందోనన్న ఆలోచనే నన్ను ఆపింది.

మా మిల్లులో కింద పడిన వడ్లు, తవుడు ఊడ్చే అక్క ఒకామె ఉంది. కోటగిరి వైపు పల్లె. నాకంటే పదేళ్లు పెద్దది, నన్ను తమ్మీ అంటుంది. పదకొండు గంటల ప్రాంతంలో ఎలివేటర్ కింద ఊడుస్తూ, దప్పికై చీపురు అక్కడే పెట్టి నీళ్ల కుండ వైపు నాలుగడుగులు వేసి గ్లాసు ముంచుకుంది. వెనుక నుంచి పొగ. ఆ వెంటనే పెద్ద చప్పుడు. ఎలివేటర్ అడుగున ఉన్న బేరింగ్ పట్టేసి, బెల్టు కాలి తెగింది. తెగిన బెల్టు వడ్లను మోసే బకెట్లతో సహా జారి పడింది. ఆ దెబ్బకు ఎలివేటర్ పెట్టె కింది ఇనుప తలుపు ఊడి చీపురు మీద పడింది.

నేను పరిగెత్తి వెళ్లేసరికి ఆమె చేతిలో నీళ్ల గ్లాసుతో అలాగే నిలబడి ఉంది. గ్లాసులో నీళ్లు ఒక్క చుక్క కూడా తొణకలేదు. అది ఎందుకు గుర్తుందో నాకు తెలియదు.

"అక్కా, ఏం కాలేదు గదా?"

ఆమె తలుపు కింద నలిగిన చీపురును చూసింది. తర్వాత నన్ను చూసింది.

"పొద్దుగాలసంది కూస్తనే ఉండె గదా తమ్మీ. నీకు ఇనబడలేదా?"

నేను వంగి చీపురు మీది తలుపును పక్కకు జరిపాను.

"నువ్వు ఉన్నవ్ గదా అని నేను ఊకున్న" అన్నది.

ఆ మధ్యాహ్నం సేటు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. పక్కింటి మోటారు సంగతితో సహా. తిడతాడనుకున్నాను. ఆయన పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. "మరి నాకెట్ల తెల్వాలె మిస్త్రీ? నువ్వు చెప్తనే గదా నాకు తెలిసేది" అన్నాడు. కోపంతో అన్నాడో బాధతో అన్నాడో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ముందు దవాఖానకు వెళ్లు, పని సంగతి తర్వాత చూద్దామన్నాడు.

దవాఖానలో చెవుల డాక్టరు లైటు వేసి చూశాడు. ఎల్లిగడ్డ నూనె సంగతి చెబితే ఇంకెప్పుడూ పోయవద్దని చేతులు జోడించాడు. గులిమి తీశాడు. చెవి పర్దా బాగుందన్నాడు. మరి చప్పుడు ఎక్కడిదని అడిగాను. వినికిడి పరీక్ష చేయించమని చీటీ రాసిచ్చాడు. ఆ పరీక్ష చేసే మేడం నిజామాబాద్ నుంచి వారానికి ఒకరోజు బాన్సువాడకు వస్తుంది.

పరీక్ష గది చిన్న అల్మారా అంత ఉంది. గోడలకు స్పంజి. మేడం మా కూతురి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. నా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి నొక్కే గుండీ ఒకటి ఇచ్చింది. "చిన్న చప్పుడైనా సరే, ఇనబడితే నొక్కుండ్రి" అని తలుపు మూసింది.

ఆ పదిహేను నిమిషాల్లో పడినంత అయోమయం నా జన్మలో పడలేదు. మొదట కొన్ని చప్పుళ్లు స్పష్టంగానే వచ్చాయి, నొక్కాను. తర్వాత సన్నబడుతూ పోయాయి. సన్నబడి సన్నబడి సరిగ్గా నా చెవిలో కూత దగ్గరికి వచ్చి కలిసిపోయాయి. ఇప్పుడు వినిపిస్తున్నది ఆమె పంపినదా, నాదా? నొక్కాను. ఏదీ రాకముందే నొక్కానేమో. నొక్కకుండా ఆగాను. వచ్చి పోయిందేమో. బయట రోడ్డు మీద ట్రాక్టర్ పోతోంది, దానికీ నొక్కబోయాను. అద్దంలోంచి ఆమె ముఖం చూసి తెలుసుకుందామంటే ఆమె తల ఎత్తదు. మిల్లంతా నా చెవిలో పెట్టుకుని తిరిగినవాణ్ని, ఒక్క గుండీతో ఓడిపోయాను. బయటికి వచ్చేసరికి చొక్కా వీపుకు అతుక్కుంది.

ఆమె కాగితం మీద గీత చూపించింది. కొంతదూరం సాఫీగా వెళ్లి కాలువ గట్టులా ఒక్కసారి కిందికి దిగిపోయింది. "సన్నటి చప్పుళ్లు ఇనే భాగం మిల్లు మోతకు దెబ్బతిన్నది. అక్కడికెల్లి రావాల్సింది రాకపోయేసరికి మెదడే ఒక చప్పుడు పుట్టించుకుంటున్నది" అన్నది.

"అంటే లేని చప్పుడా మేడం?"

"మీకైతే ఉన్నది."

"ఉన్నదా, లేదా?"

ఆమె కొంచెం ఆలోచించి, "బయట లేదు. మీకు ఉన్నది" అన్నది. పక్కనే కూర్చున్న నా భార్య అర్థమైనట్టు తల ఊపింది. బయటికి వచ్చాక ఏం అర్థమైందని అడిగితే, ఏమీ కాలేదని చెప్పింది.

దీనికి మింగే మాత్ర లేదని, చప్పుడుతోనే చికిత్స చేద్దామని మేడం చెప్పింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చిన్నగా వాన చప్పుడో నీళ్ల చప్పుడో పెట్టుకోవాలి. మిల్లులో ఉన్నంతసేపు చెవులకు మూతలు పెట్టుకోవాలి. ఎప్పుడు ఎక్కువగా ఉంది, ఎప్పుడు తక్కువగా ఉందని ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. "ఇది పోతదని నేను చెప్తలేను. దీన్ని పట్టించుకోకుండ ఉండుడు మెదడుకు నేర్పుదాం. నెలలు పడ్తది" అన్నది. దారిలో నా భార్య, "చప్పుడుకు చప్పుడు మందా?" అని మూడుసార్లు అడిగింది. మూడోసారి నాతో కాదు, తనలో తానే అనుకుంది.

మేడం ఇచ్చిన కాగితం చూసి సేటు మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. కూతురు నా ఫోన్‌లో రకరకాల చప్పుళ్లున్న యాప్ వేసింది. వాన, సముద్రం, జలపాతం, ఫ్యాను. నేను మేడం చెప్పినదాంట్లో సగమే పట్టుకున్నాను. చప్పుడుకు చప్పుడు అంటే పెద్దది పెట్టి చిన్నదాన్ని ముంచేయాలి అనుకున్నాను. జలపాతం ఫుల్లుగా పెట్టి ఇయర్‌ఫోన్లు చెవుల్లో దూర్చుకున్నాను. కూత మునిగిపోయింది. రెండు గంటలు రాజులా కూర్చున్నాను. తీసేయగానే అది ముందుకంటే గట్టిగా లేచింది. మళ్లీ పెట్టాను. వారం రోజుల్లో ఇంట్లోవాళ్లు పిలిస్తే పలకనివాణ్నయ్యాను. నోటుబుక్కులో ప్రతి రోజూ "ఎక్కువ" అని రాశాను.

పైగా నా చెవికి ఆ చప్పుళ్లు ఏవీ నచ్చవు. ఫ్యాను చప్పుడు పెడితే, ఆ ఫ్యానుకు బుష్ పోయిందని తెలిసిపోతుంది. మనసు దాన్ని విప్పి బాగుచేయడం మొదలుపెడుతుంది. సముద్రం నేను చూడలేదు. అది ఎందుకు అలా ముందుకీ వెనక్కీ పోతుందో అంతుపట్టలేదు. జలపాతంలో ఒకచోట అతుకు ఉంది. రికార్డు అయిపోయి మళ్లీ మొదలయ్యే చోట సన్నగా టిక్కుమంటుంది. అది పట్టుకున్నాక ఇక నీళ్లు వినడం పోయి, టిక్కు కోసం ఎదురుచూడడం మొదలైంది.

ఇయర్‌ఫోన్లు వద్దని కూతురు పోరు పెడితే, వాన చప్పుడును ఫోన్ స్పీకర్‌లో పెట్టి కిటికీలో ఉంచాను. మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టి ఉన్నాయి. నా భార్య వంటింట్లోంచి "వానొచ్చె వానొచ్చె" అనుకుంటూ చెప్పులు కూడా లేకుండా మెట్లెక్కి పరిగెత్తింది. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. కాళ్లు కాలి గెంతుతూ దిగి వచ్చి ఫోన్‌ను, నన్ను మార్చి మార్చి చూసింది. కూతురు పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.

నాలుగు రోజుల తర్వాత నేను మిల్లులో ఉండగా నిజంగానే వాన కొట్టింది. ఇంటికి వచ్చేసరికి మిరపకాయలన్నీ నీళ్లలో తేలుతున్నాయి. గంపలోకి ఎత్తుతూ, "ఇనబడ్డది. నీ ఫోనే అనుకున్న" అన్నది నా భార్య. "ఫోన్ నాతోనే ఉండె గదనే" అన్నాను. "గది యాదికి రాలే" అన్నది. కూతురు మళ్లీ నవ్వింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఊడిపడిన ఆ ఇనుప తలుపు కళ్లముందు కదిలింది. గంపకు రెండో పక్క పట్టుకుని మిరపకాయలు ఎత్తాను.

నెల తర్వాత మేడం దగ్గరికి వెళ్లి, మందు పనిచేయలేదని చెప్పాను. ఎలా పెట్టుకున్నానో చేసి చూపించమన్నది. జలపాతం ఫుల్లుగా పెట్టి చూపించాను. ఆమె నుదురు కొట్టుకుంది.

"అన్నా, ముంచొద్దు. రెండూ ఇనబడాలె. మీ కూత కొంచెం పైన, నీళ్ల చప్పుడు కొంచెం కింద. రెండూ కలిసీ కలవనట్టు."

"కూత ఇనబడితే ఇగ మందు ఎందుకు మేడం?"

"మొత్తం ముంచితే మెదడు దాన్ని చూస్తలేదు. చూడనిదానికి అలవాటు ఎట్లయితది?"

జ్వరం పూర్తిగా తగ్గనివ్వకుండా మాత్ర వేసుకోమన్నట్టు ఉంది నాకు. అయినా ఆమె నా వేలు పట్టుకున్నట్టుగా ఫోన్ బటన్ మీద పెట్టించి, ఇంత, ఇంకొంచెం, చాలు అని నేర్పింది. ఏ నీళ్లైతే మీకు ఇష్టమో అవే పెట్టుకొమ్మన్నది. టిక్కు సంగతి చెబితే ఆమె కూడా చెవి పెట్టి విన్నది. ఆమెకు వినపడలేదు. "ఇది కూడా నా చెవిదేనా?" అని అడిగాను. ఆమె మరోసారి విన్నది. ఈసారి ముఖం మారింది. "లేదు. నిజంగనే ఉన్నది" అన్నది. ఎన్నో వారాల తర్వాత ఆ రోజు నా ప్రాణం కుదుటపడింది.

మర్నాడు పొద్దున్నే కూతురు నన్ను స్కూటీ మీద కోటగిరి రోడ్డులో కాలువ తూము దగ్గరికి తీసుకెళ్లింది. నీళ్లు దిగే చోట రాయి మీద ఫోన్ పెట్టి అరగంట రికార్డు చేశాం. ఇద్దరం మాట్లాడకుండా గట్టు మీద కూర్చున్నాం. నాకు కూత ఉందో లేదో అనే ఆలోచన రాలేదు. వచ్చింది, కానీ తర్వాత వచ్చింది. ఇలాంటిది నోటుబుక్కులో ఎలా రాయాలో తెలియక ఆ రోజు ఖాళీగా వదిలేశాను.

మిల్లులో సేటు అందరికీ చెవి మూతలు తెప్పించాడు. హమాలీలు రెండు రోజులు పెట్టుకుని మెడలో వేసుకున్నారు. నేను మాత్రం తీయలేదు. మూతలు పెట్టుకుంటే మిల్లు నీళ్ల అడుగున నడుస్తున్నట్టు ఉంటుంది. ఏ యంత్రం ఏమంటుందో అందదు. బేరింగుల మీద అరచెయ్యి పెట్టి వేడి చూడడం నేర్చుకున్నాను. అయినా అనుమానం తీరేది కాదు. ఒకరోజు తప్పనిసరై ఊడ్చే అక్కను పిలిచాను.

"అక్కా, షెల్లర్ కాడ ఏమన్న తేడా ఉన్నదా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నన్నడుగుతున్నవా?"

"నిన్నే."

ఆమె ఆలోచించనైనా లేదు. "పొద్దుగాల మంచిగనే ఉండె. చాయ్ తాగొచ్చినసంది గింజ నములుతున్నట్టు వస్తున్నది" అన్నది. ఆపి చూశాం. రబ్బరు రోలర్ ఒకవైపు అరిగిపోయింది.

పద్దెనిమిదేళ్లుగా ఆమె ఆ షెడ్డులో ఊడుస్తోంది. ఒక్కో యంత్రం చప్పుడుకు ఆమెకు సొంత మాటలున్నాయి. గింజ నమిలే చప్పుడు, ముసలోడు దగ్గే చప్పుడు, తడిబట్ట ఉతికే చప్పుడు. పెద్ద మిస్త్రీ నాకు నేర్పినవన్నీ ఆమెకు ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. అన్నేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. అది తలుచుకుంటే నాకు ఏం అనిపించాలో తెలియదు. ఆమె చెవులు బాగుండడం ఎలా సాధ్యమైందని మేడంను అడిగాను. అందరి చెవులూ ఒకే తీరుగా దెబ్బతినవని, ఆమెను కూడా పరీక్షకు పంపమని చెప్పింది. పంపాను. వినికిడి కొంచెం తగ్గిందని తేలింది. ఇప్పుడు ఆమె కూడా మూతలు పెట్టుకుంటుంది. గంటకొకసారి ఇద్దరం నిమిషంపాటు మూతలు తీసి, యంత్రం యంత్రం దగ్గర నిలబడి ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. ఆమె తల ఊపితే ముందుకు కదులుతాం.

ఇదంతా జరిగి ఎనిమిది నెలలైంది. కాలువ చప్పుడు ఇంట్లో రోజూ చిన్నగా నడుస్తూనే ఉంటుంది. అందులో ఒకచోట కూతురు దగ్గింది, తీసేస్తానంటే వద్దన్నాను. మేడం తీసేయమన్నది. దగ్గు దగ్గర మనసు ఆగిపోతుందట. తీసేశాం. తీసేసిన చోట నాకు ఇంకా దగ్గు వినిపిస్తుంది. ఈ సంగతి మేడంకు చెప్పలేదు.

పోయిన వారం మళ్లీ చూపించుకోవడానికి వెళ్లాను. మొదటిసారి వెళ్లినప్పుడు, పదిలో మీ బాధ ఎంత అని ఆమె అడిగితే ఎనిమిది అన్నాను. ఈసారీ అదే అడిగింది. నాకు అంకె దొరకలేదు.

"మధ్యల ఎప్పుడన్న మర్చిపోయిన్రా?"

"మర్చిపోతే, మర్చిపోయిన అని నాకెట్ల తెలుస్తది మేడం?"

ఆమె నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. మిల్లులో కరెంటు పోయిన రోజు సంగతి చెప్పాను. ఆ మధ్యాహ్నం షెడ్డులో చడీచప్పుడు లేదు. ఊడ్చే అక్కతో కలిసి సద్ది తింటూ, ఆమె మనవరాలి పెళ్లి సంబంధం గురించి అరగంట మాట్లాడాను. టిఫిన్ డబ్బా కడుగుతుంటే గుర్తొచ్చింది. గుర్తొచ్చిన క్షణమే కూత అక్కడ ఉంది. ఆ అరగంట అది ఉందా, లేదా?

"మీరే చెప్పుండ్రి మేడం. ఉన్నదా, లేదా?"

ఆమె కాగితం ముందుకు జరుపుకుంది. అంకె రాసే గడిని ఖాళీగా వదిలేసి, కింద తేదీ వేసింది. మూడు నెలల తర్వాత రమ్మన్నది. చప్పుడు మాత్రం మానొద్దన్నది.

బయట మెట్ల మీద నా భార్య కూర్చుని ఉంది.

"ఏమన్నది?"

"మూడు నెలల తర్వాత రమ్మన్నది."

"అంటే తగ్గినట్టా, తగ్గనట్టా?"

"తెల్వది."

"ఇప్పుడు ఉన్నదా?"

రోడ్డు మీద ట్రాక్టర్లు, ఆటోలు, సోడాబండి గంట. అన్నిటి కింద వెతికాను.

"ఉన్నది."

"నేను అడిగితే వచ్చిందేమో" అన్నది ఆమె, చీర దులుపుకుని లేస్తూ. "ఇగ నేను అడుగ పో."

ఆ మాట మీద ఆమె రెండు రోజులు నిలబడింది.